లోపలికి రావచ్చా?

మొన్న క్లబ్ మీటింగ్‌లో ఫస్టియర్ వాళ్ళ పరిచయాలు జరిగాయి. పేరు, బ్రాంచి, ఊరు, ఇష్టమైన పుస్తకం. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి అందరూ శ్రీశ్రీ, చలం, బుచ్చిబాబు అంటున్నారు. (అందరూ నిజంగా చదివారా అని నేనడగను. నా పరిచయం రోజున నేనూ 'చివరకు మిగిలేది' అన్నాను, అప్పటికి ముప్ఫై పేజీలు దాటలేదు.) ఒక అమ్మాయి మాత్రం లేచి "ట్విలైట్ అక్కా" అంది. రూమంతా నవ్వులు. వెనక బెంచీ నుంచి ఎవరో "రక్తపిశాచితో లవ్వా" అన్నారు. ఆ పిల్ల కూర్చుంది. మీటింగ్ అయ్యేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

నేనూ నవ్వాను. ఆ పుస్తకం మూడుసార్లు చదివినదాన్నై ఉండి కూడా నవ్వాను. ఈ వ్యాసం అందుకే.

పారానార్మల్ రొమాన్స్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. ప్రేమించుకునే ఇద్దరిలో ఒకరు మనిషి కారు. రక్తపిశాచి, తోడేలుగా మారే మనిషి, దెయ్యం, దేవదూత, ఎవరైనా కావచ్చు. రక్తపిశాచి కథల్లోకి ఎప్పుడో వచ్చాడు, బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' 1897 నాటిది. అందులో వాడు భయపెట్టేవాడే. 1976లో ఆన్ రైస్ 'ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్' రాసి, వాడి బాధ వాడి నోటితోనే చెప్పించింది. బాధ చెప్పుకునేవాణ్ణి ప్రేమించడానికి ఎంతసేపు? స్టెఫనీ మేయర్ 'ట్విలైట్' 2005లో వచ్చింది, 2008కల్లా నాలుగు పుస్తకాలూ అయిపోయాయి, అదే ఏడాది సినిమా కూడా. టీనేజీ పిల్లల కోసం అన్నారు గానీ వాళ్ళ తల్లులు కూడా వదల్లేదు.

ఎందుకు వదల్లేదు అన్నదే నా ప్రశ్న. నా సంగతి నాకు తెలుసు కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

ఇంటర్ నేనొక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. పేరు అనవసరం, మీలో సగం మంది అలాంటి చోటి నుంచే వచ్చి ఉంటారు. పొద్దున్నే అయిదింటికి బెల్లు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. ఆదివారం టెస్టు, సోమవారం సాయంత్రానికి మార్కులు గోడ మీద, అదే టైముకి నాన్న ఫోన్లో మెసేజ్. ఇంటికి ఫోన్ చేసినా వార్డెన్ మేడమ్ పక్కనే నిలబడి ఉండేది. నా ముఖం చూడగానే లెక్చరర్లకి నా ర్యాంకు గుర్తొచ్చేది. నా గురించి అందరికీ అన్నీ తెలుసు, నేను మాత్రం ఎవరికీ తెలియను. అలా ఉండేది.

అక్కడికి ఒక డే స్కాలర్ 'ట్విలైట్' తెచ్చింది. ఆర్గానిక్ కెమిస్ట్రీ మెటీరియల్ అట్ట చింపి దానికి తొడిగాం. నా ఇంగ్లీషు అప్పట్లో అంతంతమాత్రం, పేజీకి పది మాటలు అర్థమయ్యేవి కాదు. అయినా ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. ఎడ్వర్డ్‌కి అందరి మనసులూ వినబడతాయి. క్యాంటీన్లో ఎవరేమనుకుంటున్నారో అన్నీ తెలుసు. ఒక్క బెల్లా మనసు మాత్రం వినబడదు. కాబట్టి ఆమెని అడగాలి. ఏమాలోచిస్తున్నావు, చెప్పు, అని అడుగుతూనే ఉంటాడు.

ఆ రెండేళ్ళలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఎన్నొచ్చాయి" అని అడిగారు. ఎడ్వర్డ్ అందగాడని నేను పడిపోలేదు (సరే, కొంత అది కూడా). అంత శక్తి ఉన్నవాడికి కూడా తెలియని గది ఒకటి ఒక మామూలు అమ్మాయి తలలో ఉంది. అందులోకి రావాలంటే వాడు కూడా అడిగే రావాలి. పదహారేళ్ళప్పుడు అలాంటి గది నాకొకటి ఉందని అనిపించడం చాలా పెద్ద విషయం.

తర్వాత పుస్తకం దొరికిపోయింది. వార్డెన్ మేడమ్ నాలుగు పేజీలు తిప్పి, నన్నొక చూపు చూసి, బీరువాలో పెట్టేసింది. నాన్నకి ఫోన్. మిగతాది మీరు ఊహించుకోగలరు. పరీక్షలయ్యాక ఖాళీ చేసి వెళ్ళే రోజు పిలిచి తిరిగిచ్చింది. బస్సులో తెరిచి చూస్తే సగం దాటాక పేజీల మధ్య ఒక సిటీ బస్ టికెట్టు ఉంది. అది నాది కాదు. మమ్మల్ని సిటీ బస్ ఎక్కనిచ్చిందెప్పుడు?

పెద్దవాళ్ళకి ఇందులో ఏముందో ఆ మేడమ్‌ని అడగలేకపోయాను గానీ పిన్నిని అడిగాను. మా పిన్ని ఉండేది తెనాలిలో. ప్రతిలిపిలో దెయ్యాల ప్రేమకథలు సీరియల్‌గా వస్తాయి కదా, రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక అవి చదువుతుంది. బాబాయి నవ్వుతాడు. "ఏముంది పిన్నీ వాటిల్లో" అంటే మొదట చెప్పలేదు. తర్వాత చిక్కుళ్ళు వలుస్తూ వలుస్తూ అంది:

"వాడికి నిద్ర ఉండదు కదే. రాత్రంతా దాని మాటలు వింటూ కూర్చుంటాడు. మీ బాబాయి తొమ్మిదిన్నరకల్లా, నేను సగం మాటలో ఉండగానే గురక."

కాసేపాగి, "పైగా వాడికి వండక్కర్లేదు" అని కూడా అంది.

ఈ రెండో మాటకి ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే అది జోకు కాదు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో పిన్ని దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ "ఏం కూర" అంటూనే వచ్చాడు. ఆ కథల్లో మగాడికి ఆకలి లేదు, లేదా ఉన్న ఆకలిని ఆమె కోసం అణుచుకుంటాడు. నాకు అడిగేవాడు కావాలి, పిన్నికి వినేవాడు కావాలి. వయసుని బట్టి తేడా అంతే అనుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ కథల్లో ఒక పాత రూలుంది. పిలవందే రక్తపిశాచి గడప దాటలేడు. 'డ్రాక్యులా'లోనే ఉంది, ఆ ఇంటి మనిషి ఎవరో ఒకరు మొదటిసారి రమ్మనాలి. మన సిస్టమ్‌లో పర్మిషన్ డినైడ్ వచ్చినట్టే, ఎంత బలమున్నా బయటే. స్వీడన్ రచయిత లిండ్‌క్విస్ట్ 2004లో రాసిన నవల ఒకటుంది, ఇంగ్లీషులో 'లెట్ ద రైట్ వన్ ఇన్'. పేరులోనే ఈ రూలుంది. స్టాక్‌హోమ్ శివార్లలో, స్కూల్లో దెబ్బలు తినే పన్నెండేళ్ళ ఆస్కర్, పక్కింట్లోకి వచ్చిన ఎలీ. 2008 సినిమాలో ఒక సీను ఉంది. పిలవకుండా వస్తే ఏమవుతుందో చూద్దామన్నట్టు ఆస్కర్ మాట అనకుండా చేత్తో సైగ చేస్తాడు. ఎలీ గడప దాటి లోపలికొచ్చి నిలబడుతుంది. కాసేపటికి ఒంట్లోంచి, కళ్ళలోంచి, చెవుల్లోంచి రక్తం కారడం మొదలవుతుంది. ఆస్కర్ హడలిపోయి, రావచ్చు అంటాడు. ఆ సీను నేను ఒక్కసారే చూడగలిగాను.

'బఫీ' సీరియల్‌లో (1997 నుంచి 2003 దాకా వచ్చింది) ఇంకో మెలిక ఉంది. మంచివాడుగా ఉన్నప్పుడు ఏంజెల్‌ని ఇంట్లోకి పిలుస్తారు. వాడు మారిపోయాక మంత్రం చదివి ఆ పిలుపుని రద్దు చేస్తారు. నిన్న రమ్మన్నవాళ్ళు ఇవాళ వద్దనొచ్చు. ఇదేదో విదేశీ వ్యవహారం అనుకోకండి. మన ఊళ్ళల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు. మా అమ్మమ్మ వాళ్ళ తలుపు మీద ఆ సున్నం గీతలు అమ్మకి ఇంకా గుర్తు. కన్నడం వాళ్ళకీ ఇదే ఉంది, 2018 హిందీ సినిమా 'స్త్రీ' దీని చుట్టూ తిరిగేదే. చిన్నప్పుడు విని భయపడ్డాను. ఇప్పుడు వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. అంత దెయ్యం తలుపు మీద రాసింది చదువుకుని, సరే రేపొస్తాలే అని వెళ్ళిపోతుంది!

సెకండియర్‌లో జరిగింది ఒకటి ఇక్కడ చెప్పాలి. నా రూమ్మేట్‌ని ఒక సీనియర్ ఇష్టపడ్డాడు. ఆమె వద్దంది. ఒకసారి మెట్ల మీద నోటితో, ఒకసారి మెసేజ్‌లో, మర్యాదగానే. ఆమె పుట్టినరోజు నాడు అర్ధరాత్రి పన్నెండింటికి హాస్టల్ గేటు ముందు కేకు, పదిమంది ఫ్రెండ్స్, వెలుగుతున్న ఫోన్లు. పైన ఫ్లోరంతా కిటికీల దగ్గరికి చేరింది. ఆమె మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. చెయ్యి పట్టుకుని లేపింది నేనే. "అంత ప్రేమిస్తున్నాడే, ఒక్కసారి కిందికి రా, పాపం" అన్నాను. వచ్చింది. కేకు కోసింది. వీడియో తెల్లారేసరికి అన్ని గ్రూపుల్లో ఉంది.

కేకు కోసింది కాబట్టి ఒప్పుకున్నట్టే అని అతనూ, అందరూ అనుకున్నారు. లైబ్రరీలో ఎదురు కుర్చీ, క్యాంటీన్లో పక్క టేబులు. ఆమె క్లాసులకి రావడం తగ్గించింది, అటెండెన్స్ 75 కిందికి పడి కండోనేషన్ కట్టింది. అతను రాక్షసుడేం కాదు. వద్దన్నకొద్దీ వెంటపడమని చిన్నప్పట్నుంచి సినిమాలు చెప్పినట్టే చేశాడు. నేను కూడా ఆ సినిమాలే చూశాను. వద్దని ఆమె రెండుసార్లు తలుపు వేసుకుంటే, లోపల్నుంచి తీసింది నేను.

"ఇలాంటి పుస్తకాలు చదివే అమ్మాయిలు పాడైపోతారు" అనేవాళ్ళకి నా జవాబు సగం ఇక్కడుంది. నేను ఆ రాత్రి అలా మాట్లాడింది రక్తపిశాచుల వల్ల కాదు. ఆ కథల్లో వాడు ప్రమాదం అని మొదటే చెప్తారు, వాడే చెప్తాడు, నా దగ్గరికి రాకు అని. ప్రమాదం మీద బోర్డు పెట్టి ఉంటుంది. మన సినిమాల్లో అదే పనికి డ్యూయెట్ ఉంటుంది.

జవాబు సగమే అన్నాను, ఎందుకంటే 'ట్విలైట్'ని పూర్తిగా వెనకేసుకురాలేను. మేయర్ తన కథలో ఆ గడప రూలు తీసేసింది. ఎడ్వర్డ్ రాత్రిళ్ళు బెల్లా గదిలోకి చెప్పకుండా వచ్చి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. మనసులోకి రావడానికి అడిగేవాడు గదిలోకి రావడానికి అడగడు. పదహారేళ్ళప్పుడు ఆ పేజీ నాకు భలే నచ్చింది, అట్ట మూసి కాసేపు పైకప్పు చూశాను కూడా. సెకండియర్ తర్వాత మూడోసారి చదివినప్పుడు అదే పేజీ దగ్గర లేచి వెళ్ళి గొళ్ళెం పడిందో లేదో చూసుకున్నాను. పుస్తకం ఒకటే.

మన దగ్గరా దీనికంటే ముదురు కథ ఉంది, పదహారో శతాబ్దంలోనే. పెద్దన మనుచరిత్ర. వరూధిని అనగానే మనకి ప్రవరుడు గుర్తొస్తాడు, కాలి పసరు మంచుకి కరిగిపోవడం, దారి చెప్పమని అడగడం, ఆమె మోహం, ఈయన నిగ్రహం. అక్కడ వద్దన్నది ప్రవరుడు, ఆ మాట వినిపించుకోనిది వరూధిని, అది ఒప్పుకోవాలి. అయితే అతను వెళ్ళిపోయాక ఏం జరిగిందో మీటింగుల్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. అంతకుముందు ఆమె కాదన్న గంధర్వుడు ఒకడున్నాడు. వాడు ప్రవరుడి రూపం వేసుకుని వస్తాడు. దగ్గరైనప్పుడు కళ్ళు మూసుకోవాలని షరతు కూడా పెడతాడు. ఆమె ప్రవరుడే అనుకుని ఒప్పుకుంటుంది. అడిగినట్టూ ఉంది, ఒప్పుకున్నట్టూ ఉంది, కానీ ఎవరికి ఒప్పుకుందో ఆమెకి తెలియదు. కేకు కోసిన వీడియో చూసినప్పుడల్లా నాకు ఈ ఘట్టమే గుర్తొస్తుంది. ప్రబంధం కాబట్టి దాని గురించి పేపర్ ప్రెజెంటేషన్ ఇవ్వొచ్చు, 'ట్విలైట్' పేరు చెప్తే నవ్వుతాం. విషయం మాత్రం ఒకటే.

ఆ ఫస్టియర్ అమ్మాయి రూముకి నిన్న వెళ్ళాను. తలుపు కొట్టి "రావచ్చా" అన్నాను. "రండక్కా" అంది. లిండ్‌క్విస్ట్ నవల పీడీఎఫ్ కాదు, పుస్తకమే ఇచ్చాను, నెలలోపు తిరిగివ్వమని గట్టిగా చెప్పాను. తనేమో నాకు ఒక తోడేలు సిరీస్ పేరు చెప్పింది. అయిదు భాగాలట. మిడ్స్ అయ్యాక చూడాలి.

ఈ వ్యాసం పంపేముందు నా రూమ్మేట్‌కి చూపించాను. మొత్తం చదివి, కేకు మీద ఏం రాసి ఉందో ఆ వాక్యం తీసెయ్యమంది. తీసేశాను.