కుళాయికి గ్రాంటు, మురుక్కి మన నడుములు

పేద పల్లెల మీద ఖర్చు పెట్టడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదనే మాటను మనం నమ్మడం మానెయ్యాలి. డబ్బుంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్‌కి 3 లక్షల 60 వేల కోట్ల రూపాయల అంచనా వేశారు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసి, అందులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టింది. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్ కింద మరుగుదొడ్డికి 12 వేలు ఇచ్చారు. కాబట్టి డబ్బు లేదని కాదు నా గొడవ. ఆ డబ్బు దేన్ని లెక్కపెడుతోంది, దేన్ని లెక్కకు రాకుండా చేస్తోంది అన్నదే నా గొడవ.

గ్రాంటు లెక్కపెట్టేవి ముఖ్యంగా రెండు. ఎన్ని కుళాయిలు బిగించారు, ఎన్ని దొడ్లు కట్టారు. బిగించిన కుళాయి నీళ్లు వాడాక ఎటు పోతాయి? దొడ్డి గుంట నిండితే ఎవరు ఎత్తుతారు? మోటారు కాలిపోయిన రోజు ఎవరు బిందె పట్టుకుని నడుస్తారు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ప్రభుత్వ పట్టికల్లో దొరకదు. వీటికి కాగితాల మీద లేని గ్రాంటు ఒకటుంది. అది ఆడవాళ్ల చాకిరీ, దళితుల చాకిరీ.

ఒక చిన్న లెక్క వేద్దాం. పథకం ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్ల నీళ్లు. వెయ్యి మంది ఉన్న ఊరికి 55 వేల లీటర్లు. అందులో తాగేదెంత, వంటలో ఇగిరేదెంత? మిగతాదంతా అంట్లు తోమిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు, స్నానాల నీళ్లుగా వీధిలోకి వస్తుంది. ఈ మురుగు కోసం స్వచ్ఛ భారత్ రెండో దశ 2020లో పెట్టిన లెక్క, 5 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు తలకి 280 రూపాయల దాకా. అంటే వెయ్యి మంది ఊరికి మొత్తం 2 లక్షల 80 వేలు. అందులోనూ 30 శాతం, అంటే 84 వేలు, పంచాయతీ తనకొచ్చే ఆర్థిక సంఘం నిధుల్లోంచే పెట్టుకోవాలి. ఈ సొమ్ముతో కొన్ని ఇంకుడు గుంతలు తవ్వొచ్చు. ఊరంతటికీ కాలవ కట్టడం కుదిరే పని కాదు. ఇంకుడు గుంత మంచిదే, నీళ్లు ఇంకే నేల ఉన్నచోట, ఇంటి ముందు జాగా ఉన్నచోట. నల్లరేగడి నేలలో నీళ్లు అంత తొందరగా ఇంకవు. గోడకి గోడ ఆనుకుని ఇళ్లున్న వాడలో జాగా ఎక్కడుంది?

నీరు పల్లమెరుగు అంటారు. మన ఊళ్లలో ఆ పల్లం ఎవరికి దక్కిందో కులం చెబుతుంది. సంఘం పని మీద నేను తిరిగిన ఊళ్లలో పెద్ద వీధుల కాలవ ఎక్కడ ఆగిపోయిందో చూస్తే చాలు, వాడ అక్కడినుంచి మొదలవుతోందని తెలిసిపోయేది. సిమెంటు కాలవ అక్కడికొచ్చి తెగిపోతుంది. మురుగు మాత్రం తెగదు. ఒక ఊళ్లో ఇంజనీరు గారిని దీని గురించి అడిగాం. "ఆ ముక్క ఎస్టిమేట్‌లో లేదమ్మా" అన్నారాయన. పార పట్టుకుని మురుగు మళ్లిస్తున్న ఒక పెద్దమ్మ తలెత్తకుండానే, "మరి నేనేమన్నా ఎస్టిమేట్‌లో ఉన్నానా బాబూ?" అంది. ఈ గ్రాంట్ల గురించి నేను చదివిన ఏ నివేదికలోనూ ఇంత సూటి విమర్శ లేదు.

మరుగుదొడ్ల సంగతి చూద్దాం. మరుగుదొడ్డే ఆడదాని ఆత్మగౌరవమని గోడలన్నిటి మీదా రాశారు. ఆ ఆత్మగౌరవానికి బకెట్లతో నీళ్లు మోసేదెవరో, దాన్ని కడిగేదెవరో మాత్రం రాయలేదు. 12 వేలు చాలాచోట్ల చేతికొచ్చింది కట్టి, ఫోటో తీయించుకున్నాకే. ముందు వడ్డీకి తేగలిగినవాళ్లు కట్టుకున్నారు, తేలేనివాళ్లు చెంబు పట్టుకునే వెళ్లారు. 2018 రెండో సగంలో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో, గ్రామీణ కుటుంబాల్లో 71.3 శాతానికే మరుగుదొడ్డి అందుబాటులో ఉందని తేలింది. ఏడాది తిరిగేసరికి, 2019 అక్టోబరు 2న, దేశంలో గ్రామాలన్నీ బహిరంగ మలవిసర్జన నుంచి బయటపడ్డాయని ప్రకటించేశారు. అంతకు ముందరి పథకాల మీద 2015లో కాగ్ ఇచ్చిన నివేదిక, తనిఖీ చేసిన ఇళ్లలో 30 శాతానికి పైగా దొడ్లు పనిచెయ్యడం లేదని చెప్పింది. కట్టడానికి డబ్బిచ్చి, నిలబెట్టడానికి ఇవ్వకపోతే ఇంకేమవుతుంది?

గుంట సంగతి ఇంకా ఘోరం. జంట గుంటలు కడితే ఒకటి నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాదికి పైగా వదిలేస్తే అది ఎరువుగా మారుతుంది. ఎవరూ మలం ముట్టుకోనక్కర్లేదు. ఒకే గుంటతో, సెప్టిక్ ట్యాంకుతో సరిపెట్టినచోట అది నిండిన రోజు యంత్రమన్నా రావాలి, మనిషన్నా దిగాలి. దిగే మనిషి ఏ వాడ నుంచి వస్తాడో మనకి తెలుసు. పాకీ పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు గుంటలో చనిపోతే 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చస్తే ఎంతివ్వాలో తేలింది. చావకుండా మండలానికో యంత్రం ఎవరు కొనాలో ఇంకా తేలలేదు. ఆ పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది మళ్లీ ఒక ఆడదే.

నిర్వహణ పంచాయతీ చూసుకుంటుందని అంటారు. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ తాగునీటినీ పారిశుధ్యాన్నీ పంచాయతీల విషయాలుగా పదకొండో షెడ్యూల్లో చేర్చింది, నిజమే. కానీ ఆ పంచాయతీ ఖాతాలో ఏముంటోంది? తమకొచ్చిన ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద మళ్లించేశారంటూ ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచులు 2022లో రోడ్డెక్కారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారులే దిక్కు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటు రాదు. ఎన్నికలు పెట్టనిది ప్రభుత్వం, శిక్ష పడింది ఊరికి. ఊళ్లో ఎవరికి? మోటారు ఆగితే బిందె ఎత్తుకున్నవాళ్లకి.

ఇక 'మహిళా భాగస్వామ్యం'. నీటి సంఘంలో సగం మంది ఆడవాళ్లుండాలన్నారు. నీళ్లు పరీక్షించడానికి ఊరికి అయిదుగురు స్త్రీలకు శిక్షణ అన్నారు, నెలజీతం మాత్రం రాయలేదు. ఊళ్లో వేసే పైపులైన్ల ఖర్చులో 10 శాతం, దళితులు, గిరిజనులు సగానికి పైగా ఉన్నచోట 5 శాతం, ప్రజలే డబ్బుగానో వస్తువుగానో శ్రమగానో భరించాలన్నారు. డబ్బు లేని ఇంట్లో ఆ శ్రమ ఎవరిదవుతుంది? పైపుకి రేటుంది, మేస్త్రీకి కూలుంది, కాంట్రాక్టరుకి బిల్లుంది. మనం చేసేది మాత్రం సేవ, చైతన్యం, భాగస్వామ్యం! వెట్టికి ఇన్ని మంచి పేర్లు పెట్టొచ్చని ఎప్పుడన్నా అనుకున్నామా?

కుళాయి వచ్చింది కదా, బిందె బరువు దిగింది కదా, ఇంకా ఈ ఏడుపేమిటని అడిగేవాళ్లున్నారు. బరువు దిగిన మాట నిజం. నల్గొండ ఫ్లోరైడ్ పల్లెలకి కృష్ణ నీళ్లు రావడం ఎంత పెద్ద విషయమో ఆ నీళ్లు లేక వంగిపోయిన ఎముకలకి తెలుసు. దాన్ని నేను చిన్నబుచ్చను. కానీ నెత్తి మీద బిందె దించి చేతికి పార ఇస్తే దాన్ని విముక్తి అనడానికి నేను సిద్ధంగా లేను. మన సంస్థలు కూడా ఒకటి ఆలోచించాలి. కాలవ లేని వాడలో పరిశుభ్రత పాఠాలు చెప్పడానికి ప్రాజెక్టులు తీసుకోవడం ఎవరికి మేలు చేస్తుంది? తప్పు కాలవ కట్టనివాళ్లదయితే, పాఠం మురుగులో నిలబడ్డవాళ్లకా?

కనుక మనం అడగవలసినవి ఇవి.

ఒకటి, నీళ్లు తెచ్చే ప్రతి అంచనాలోనూ నీళ్లు పోయే దారి ఖర్చు కలిసి ఉండాలి. కాలవ పని వాడ చివర నుంచి మొదలై ఊళ్లోకి రావాలి.

రెండు, మరుగుదొడ్డి డబ్బు పని మొదలయ్యే ముందు, ఇంటి ఆడమనిషి పేరున రావాలి. గుంట తియ్యడానికి యంత్రం ప్రభుత్వమే పెట్టాలి.

మూడు, నీటి పరీక్షకీ, కాలవ శుభ్రానికీ, నీటి సంఘం పనికీ కూలి కట్టివ్వాలి. కూలి ఇవ్వలేని పనిని ఆడవాళ్లకి అప్పజెప్పకూడదు.

నాలుగు, నిర్వహణకొచ్చిన నిధిని ఏ బకాయి కిందా మళ్లించకూడదు. జమాఖర్చు గ్రామసభలో చదివి వినిపించాలి.

దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంచనా కాగితం, కొలతల పుస్తకం నకళ్లు అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టముంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాని అడ్డుకున్నప్పుడు ఖజానా ఏమైపోతుందని పెద్దలు బెంగపడ్డారు. ఆ బెంగ తమది కాదని వాళ్లు తేల్చేశారు. ఇప్పుడూ అంతే. వచ్చే గ్రామసభలో కుళాయిల సంఖ్య చదువుతున్నప్పుడు చప్పట్లు కొట్టే ముందు లేచి నిలబడదాం. ఈ నీళ్లు ఎటు పోతున్నాయి, ఎవరి చేతులు పోనిస్తున్నాయి, ఆ చేతులకి కూలి ఎంత అని అడుగుదాం. జవాబు కాగితం మీద రాసిచ్చేదాకా కూర్చోవద్దు.