శాఖను మూసి సంస్థకు అప్పగిస్తే: అమెరికా కౌంటీల్లో పెట్టుబడుల వేట ఎలా సాగుతుంది?

వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని, మేరీలాండ్ రాష్ట్రంలో మాంట్‌గోమరీ కౌంటీ ఉంది. జనాభా 10 లక్షల పైమాటే. కౌంటీ అంటే స్థూలంగా మన జిల్లా అనుకోవచ్చు. కాకపోతే అక్కడ కలెక్టర్ ఉండరు, ప్రజలు ఓటేసి ఎన్నుకున్న ఎగ్జిక్యూటివ్, కౌన్సిల్ ఉంటారు. హైదరాబాద్‌లో పుట్టి 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయిన అరుణా మిల్లర్ చాలా ఏళ్లు ఇంజినీరుగా పనిచేసింది ఈ కౌంటీ ప్రభుత్వంలోనే.

2015లో ఈ కౌంటీ తన ఆర్థికాభివృద్ధి శాఖనే ఎత్తేస్తూ చట్టం చేసింది. మరుసటి ఏడాది నుంచి ఆ పనిని మాంట్‌గోమరీ కౌంటీ ఎకనమిక్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ చూస్తోంది. ఇది లాభాపేక్ష లేని సంస్థ. బోర్డులో వ్యాపార రంగం వాళ్లుంటారు. వాళ్లను ఎగ్జిక్యూటివ్ నియమిస్తే కౌన్సిల్ ఆమోదిస్తుంది. నిధుల్లో అధిక భాగం మాత్రం కౌంటీ బడ్జెట్‌దే.

ఎందుకిలా? కంపెనీలు తమ విస్తరణ ప్రణాళికలను ప్రభుత్వ ఆఫీసుతో చెప్పడానికి జంకుతాయి, విషయం పోటీదారులకు పొక్కుతుందని భయం. ప్రభుత్వ జీతాలకు పెద్ద కంపెనీలతో బేరమాడగలిగే నిపుణులు దొరకరు. ఎన్నికలయ్యాక అధికారులు మారితే సగంలో ఉన్న చర్చలు మళ్లీ మొదటికొస్తాయి. సంస్థ చేసే పని కూడా చూడటానికి చిన్నదే: స్థలాలు చూపించడం, లెక్కలు అందించడం, అనుమతులకు దారి చెప్పడం, ఉన్న కంపెనీలు వెళ్లిపోకుండా చూసుకోవడం. పన్నులు వేసే అధికారం దానికి లేదు.

కౌంటీకి ఇదంతా ఎందుకంటే, మేరీలాండ్‌లో కౌంటీలు ఆస్తి పన్నుతో పాటు సొంతంగా ఆదాయ పన్ను కూడా వసూలు చేస్తాయి. మంచి జీతాల ఉద్యోగాలు పక్క కౌంటీకి తరలిపోతే, ఇక్కడి స్కూళ్ల డబ్బుకే గండి.

ఆ భయమే బేరంలో కంపెనీలకు బలం. బెథెస్డాలో ఉన్న మారియట్ హోటళ్ల కంపెనీ కొత్త ప్రధాన కార్యాలయం కోసం వెతుకుతున్నామంది. చివరికి అదే బెథెస్డాలో, కొద్ది మైళ్ల దూరంలోని డౌన్‌టౌన్‌కు మారింది. అందుకు రాష్ట్రం, కౌంటీ కలిసి 6.2 కోట్ల డాలర్ల వరకు ప్రోత్సాహకాలు ఇవ్వజూపాయి. ఇవ్వకపోతే నిజంగా వెళ్లిపోయేదా? ఆ మాట కంపెనీకి తప్ప ఎవరికీ తెలియదు.

డబ్బు గుమ్మరించినా పని కాని సందర్భమూ ఉంది. 2018లో అమెజాన్ రెండో ప్రధాన కార్యాలయం కోసం ఎంపిక చేసిన 20 ప్రాంతాల్లో మాంట్‌గోమరీ ఒకటి. మేరీలాండ్ సుమారు 850 కోట్ల డాలర్ల ప్యాకేజీ సిద్ధం చేసింది. అమెజాన్ మాత్రం నది దాటి వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌కు వెళ్లింది. అక్కడ నేరుగా ఇవ్వజూపిన ప్రోత్సాహకాలు సుమారు 57 కోట్ల డాలర్లే. దానికి తోడు వర్జీనియా టెక్ కొత్త క్యాంపస్ పెడతామన్నారు. చదువుకున్న పనివాళ్లు దొరకడమే ముఖ్యమైన చోట, రాయితీకి ఉండే బలం అంతంతే.

అసలు చిక్కు జవాబుదారీతనంలో ఉంది. ఒహాయో రాష్ట్రం 2011లో ఇదే పద్ధతిలో జాబ్స్‌ఒహాయో పెట్టింది. మద్యం వ్యాపారం లాభాలే దాని ఆదాయం. ప్రజా రికార్డుల చట్టం దానికి వర్తించకుండా మినహాయించారు. 2013లో రాష్ట్ర ఆడిటర్ లెక్కలు అడిగితే, ఆ లాభాలను ఆయన తనిఖీ చేయకుండా చట్టమే మార్చేశారు. రహస్యం కంపెనీ వివరాలకు ఉండొచ్చు. ఖర్చుకు ఉండకూడదు. అమెరికాలో ఇలాంటి సంస్థలు ఏటా దాఖలు చేసే ఫారం 990ని ఎవరైనా చూడొచ్చు. పెద్ద అధికారుల జీతాలు అందులో ఉంటాయి కానీ, ఏ కంపెనీకి ఏం హామీ ఇచ్చారో ఉండదు.

మన దగ్గర జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఇంకా ప్రభుత్వ ఆఫీసులే. అయితే హైదరాబాద్‌లోని టీ-హబ్ వంటివి ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతోనే వచ్చాయి. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందే స్వచ్ఛంద సంస్థలూ సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఇలాంటి సంస్థ మీ ఊళ్లో ఉంటే, ముందుగా దాని వార్షిక నివేదికలో ప్రభుత్వ డబ్బు ఎంతో చూడండి. ఎక్కువగా ఉంటే, అది ఎలా ఖర్చయిందో అడుగుతూ దరఖాస్తు పెట్టొచ్చు.