మాటకు ఎదురు పద్దు



కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలన్నారు. బ్యాంకులో పనిచేసేవాడికి ఈ సామెత ఇంకోలా అర్థమవుతుంది. చెక్కు రాసిచ్చిన మనిషి, అది చెల్లకముందు వచ్చి ఆపమంటే ఆపుతాం. కౌంటరులో డబ్బు చేతులు మారాక వస్తే మేం చేయగలిగింది లేదు. మాటా అంతే. నోట్లో ఉన్నంతసేపే మన అధీనం. ఎదుటివాడి చెవిన పడిందంటే చెల్లిపోయినట్టే.

బైబిలులో ఈ సంగతి ఆదికాండంలోనే కనిపిస్తుంది. చూపు మందగించిన ముసలి ఇస్సాకు, పెద్దకొడుకు ఏశావు అనుకుని చిన్నకొడుకు యాకోబును దీవించాడు. మోసం బయటపడింది. ఏశావు బావురుమన్నాడు. అయినా తండ్రి ఆ దీవెనను వెనక్కి తీసుకోలేకపోయాడు. మనుషులు పలికే ప్రతి వ్యర్థమైన మాటకూ తీర్పు రోజున లెక్క చెప్పవలసి ఉంటుందని యేసుప్రభువు హెచ్చరించినట్టు మత్తయి సువార్త 12వ అధ్యాయంలో ఉంది. లెక్క అనేసరికి నాబోటి కామర్సు విద్యార్థికి గుండె ఝల్లుమంటుంది. అందులో నా పేరు మీద ఒక పద్దు ఉంది మరి.

అది 2016 నవంబరు. పాత అయిదువందలు, వెయ్యి నోట్లు రద్దయిన వారం. నేను బరంపురంలో ఒక శాఖలో అధికారిని. తెల్లవారకముందే గేటు దగ్గర జనం. శని, ఆదివారాలు కూడా బ్యాంకులు తెరిచారు. ఒక సాయంత్రం మా క్యాషియరు లెక్కలో పదివేలు తక్కువ వచ్చింది. మన తెలుగువాడే, ముప్పయ్యేళ్లు నిండని కుర్రవాడు. మూడుసార్లు లెక్కపెట్టాడు. పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగడానికి కూడా లేవలేదని నాకు తెలుసు. అయినా సిబ్బంది అందరూ వింటుండగా అన్నాను: "చెల్లెలి పెళ్లి దగ్గరపడింది కదయ్యా, అవసరం ఉండే ఉంటుందిలే."

అతను తల వంచుకున్నాడు. మా ఒడియా సిబ్బందికీ తెలుగు బాగానే వచ్చు. నా మాట అర్థం కానివారు ఆ గదిలో లేరు. గంట తరవాత, ఒక ఖాతాదారుకు చెల్లించిన పదివేల చెక్కు లెక్కకెక్కకుండా నా బల్ల మీది కాగితాల్లోనే దొరికింది.

అందరూ వెళ్లాక అతన్ని పక్కకు పిలిచి, "తప్పుగా అన్నాను, మనసులో పెట్టుకోకు" అన్నాను. "ఫరవాలేదు సార్" అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. మర్నాటి నుంచి అతను మాతో భోజనానికి రావడం మానేశాడు. తాను కట్టిన ప్రతి నోట్ల కట్టనూ ఇంకొకరి చేత లెక్కపెట్టించి గాని ఇనప్పెట్టెలో పెట్టేవాడు కాదు.

ఆ నెలలోనే ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో మా ఆవిడ యోహాను సువార్త చివరి అధ్యాయం చదివింది. పేతురు కథ చాలామందికి తెలిసిందే. యేసును బంధించిన రాత్రి, ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలి కాచుకుంటూ, ఆయనెవరో తనకు తెలియదని పేతురు మూడుసార్లు బొంకాడు. పునరుత్థానం తరవాత ప్రభువు అతన్ని తిబెరియ సముద్రం ఒడ్డున కలుసుకున్నాడు. అక్కడా బొగ్గుల నిప్పే. గ్రీకు మూలంలో యోహాను రెండు చోట్లా వాడింది ఒకే మాట. తోటి శిష్యులతో కలిసి భోంచేశాక, తనను ప్రేమిస్తున్నావా అని ప్రభువు మూడుసార్లు అడిగి, మూడుసార్లూ పేతురు నోటితోనే అవుననిపించాడు. జరిగిందేదో జరిగిందని చాటుగా సర్దేయలేదు.

నేను 1992లో గుమాస్తాగా చేరిన కొత్తలో నేర్పిన పాఠం గుర్తొచ్చింది. అప్పుడన్నీ చేతిరాత పుస్తకాలు. తప్పు పద్దు పడితే గోకకూడదు, కాగితం చించకూడదు. అదే ఖాతాలో ఎదురు పద్దు రాసి సరిచేయాలి. పాత పద్దు అలాగే ఉంటుంది గాని నిలవ సరిపోతుంది. కంప్యూటర్లు వచ్చాకా పద్ధతి అదే. నేనేం చేశాను? అవమానం అందరి ముందు రాశాను, క్షమాపణ చాటుగా రాశాను. లెక్క ఎలా కుదురుతుంది?

మర్నాడు కౌంటర్లు తెరవకముందు సిబ్బందినందరినీ, గేటు దగ్గరి కాపలా మనిషితో సహా పిలిచి, తెలుగులోనే చెప్పాను. ఆ రోజు నేనన్న మాట అబద్ధమనీ, చెక్కు నా బల్ల మీదే ఉందనీ, తప్పు నాదనీ. ఆ నాలుగు ముక్కలు చెప్పేలోపల నా గొంతు రెండుసార్లు ఆగింది. అతనేమీ అనలేదు. మధ్యాహ్నం మాత్రం డబ్బా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. వాళ్లమ్మ పెట్టిన మాగాయ నా డబ్బా మూతలో ఇంత వేశాడు.

కట్టలు ఇంకొకరి చేత లెక్కపెట్టించే అలవాటు మాత్రం నేను బదిలీ అయ్యేవరకూ అతనికి పోలేదు. పాత పద్దు చెరగదు.

ఇక మన ఇళ్ల సంగతి. బళ్లారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా మన పిల్లలు రెండు భాషలు కలిపి మాట్లాడతారు. ఉగాది సభలో మనవడు అలా మాట్లాడితే "వీడికి తెలుగే రాదు" అని చుట్టాల ముందు నవ్వేస్తాం. ఆ తరవాత వాడు తెలుగులో నోరు విప్పడు. రాత్రి ఒళ్లో కూర్చోపెట్టుకుని బుజ్జగిస్తే చాలదు. మళ్లీ పండక్కి ఆ చుట్టాల ముందే వాణ్ణి మెచ్చుకోవాలి. కోడలి వంటను పదిమందిలో ఎత్తిపొడిచిన అత్తగారికీ, భార్య చదువును స్నేహితుల ముందు ఎగతాళి చేసిన భర్తకూ ఇదే లెక్క.

నాలుకను అడవిని తగలబెట్టే చిన్న నిప్పుతో పోల్చాడు యాకోబు తన పత్రిక 3వ అధ్యాయంలో. నిజమే. కాని అలాంటి నిప్పుల దగ్గరే ప్రభువు పేతురుకు రొట్టె, చేప పెట్టాడని కూడా మరవకూడదు.

ఈ సంచిక మీ చేతికందిన రోజు రాత్రి మీ చిట్టా ఒకసారి తిరగేయండి. ఎదురు పద్దు రాయవలసిన పేజీ కనిపిస్తే, ఆ మాట ఎవరి ముందు అన్నారో జ్ఞాపకం చేసుకోండి. వాళ్ల ముందే రాయండి. వచ్చే సంచికలో కలుద్దాం.