రీస్టార్ట్ చేయడం రిపేరు కాదు

ఆఫీసులో సర్వర్ పడిపోతే మనం ఏం చేస్తాం? లాగ్ తీస్తాం. ఎప్పుడు పడింది, ఎందుకు పడింది, మళ్ళీ పడకుండా ఏం చేయాలి అని రిపోర్టు రాయించుకుంటాం. "రీస్టార్ట్ చేశాం, ఇప్పుడు బాగుంది" అని ఏ జూనియరో మెయిల్ పెడితే ఆ పూట వాడికి మూడినట్టే. అదే మనం, ఇంట్లో నెట్ పోయినప్పుడు కేబుల్ అబ్బాయి ఫోన్లో "ఒకతూరి స్విచ్ ఆపి ఏయన్నా" అంటే బుద్ధిగా వెళ్ళి ఆపి వేస్తాం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మాది నగరి. మరమగ్గాల ఊరు, పక్కనే తమిళనాడు. 2020లో ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని సొంతూళ్ళకు చేరినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పటికే మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీద ఫైబర్ పాకింది. 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అంటూ ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. ప్రైవేటు కంపెనీలూ చాలాచోట్ల అదే దారి పట్టాయి. ఎవరి లైనైనా చివరికి ఇంటికి తెచ్చేది మన పాత కేబుల్ టీవీ ఆయనే. అందుకే ఆ డబ్బాని ఇప్పటికీ అందరూ "కేబుల్ మోడెం" అనే అంటారు. నాది ఏ కంపెనీ అన్నది అనవసరం.

వాన పడితే నెట్ పోతుంది. డబ్బా మీద ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా కొట్టుకుంటుంది. ఆ లైటుకి అర్థం ఒక్కటే: ఫైబర్‌లోంచి వెలుతురు రావట్లేదు. తీగ తెగి ఉండొచ్చు, మరీ వంగి ఉండొచ్చు, స్తంభం మీద జాయింటు పాడై ఉండొచ్చు. స్తంభం మీది జబ్బుకి ఇంట్లో స్విచ్ ఆపి వేస్తే నయమవుతుందా? అయినా ప్రతిసారీ అదే మందు!

ఈ వెలుతురుకి ఒక లెక్క ఉంది. మామూలుగా వాడే జీపాన్ డబ్బాకి మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య అందాలి. 3 డీబీ తగ్గితే వెలుతురు సగమైనట్టు. ఒక లైన్ని ఎనిమిదిగా చీల్చే స్ప్లిట్టర్ ఒక్కటే సుమారు 10 డీబీ తినేస్తుంది. కనెక్షన్ ఇచ్చిన రోజు మైనస్ 21 ఉన్నది ఇవాళ మైనస్ 28 అయిందంటే అయిదో వంతు వెలుతురే మిగిలిందన్నమాట. ఇక అది తెగుతూ, అతుక్కుంటూ ఉంటుంది. ఈ ఒక్క నంబరు తెలిస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

కానీ ఆ నంబరు మనకి కనపడనివ్వరు. డబ్బా పాస్‌వర్డ్ అడిగితే "అది కంపెనీ వాళ్ళదన్నా" అంటారు. ఈ లెక్కన అసలు సిసలు పాత కేబుల్ మోడెమే నయం. బ్రౌజర్లో 192.168.100.1 కొడితే చాలు, చాలా మోడళ్ళు సిగ్నల్ ఎంత, నాయిస్ ఎంత, ఎన్నిసార్లు తెగింది అని తమ జాతకమంతా బయటపెట్టేవి. టెక్నాలజీ ముందుకెళ్ళింది, మన చూపు మాత్రం వెనక్కెళ్ళింది.

"పాస్‌వర్డ్ ఇస్తే జనం సెట్టింగులన్నీ కెలికేస్తారు" అంటారు. నిజమే, కెలుకుతారు. అందుకే చూడ్డానికి మాత్రమే పనికొచ్చే లాగిన్ ఇవ్వండి. డేటాబేస్‌లో రీడ్-ఓన్లీ యూజర్ని రోజూ సృష్టించే మనకి ఇదేమీ బ్రహ్మవిద్య కాదు కదా.

ఇంకో మోసం ఉంది. ట్రాయ్ 2006 నియమాల ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ ఫిర్యాదుల్లో 90 శాతం మర్నాటి పనిదినానికల్లా, 99 శాతం మూడు పనిదినాల్లో బాగుచేయాలి. 2024లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. బాగానే ఉంది. కానీ లెక్కలోకి వచ్చేది నంబరు ఉన్న ఫిర్యాదే. మనం కేబుల్ అబ్బాయి సెల్లుకి చేసిన ఇరవై ఫోన్లు ఏ రికార్డులోనూ ఉండవు. కాగితం మీద మన లైను ఒక్కరోజు కూడా తెగలేదు!

ఇక్కడ ఆ అబ్బాయిని తిట్టి లాభం లేదు. ఒక్క మనిషి, ఒక బైకు, వందల ఇళ్ళు. చేతిలో పవర్ మీటర్ కూడా ఉండదు. ఆపి వేయమనడం తప్ప అతని దగ్గర ఇంకో మందు లేదు. మీటరు కొనివ్వాల్సింది అతనితో పని చేయించుకునేవాళ్ళు.

మనకంటే ఫోన్ హాట్‌స్పాట్ ఉంది, మేనేజరుకి చెప్పుకునే భాష ఉంది. పక్కింట్లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో లైను పోయిన పిల్లకి ఏముంది? "నీ మోడెంలోనే ఏదో తేడా" అంటే నమ్మి, కొత్త రౌటరుకి రెండువేలు పోస్తుంది వాళ్ళమ్మ. అది తప్పని తెలిసీ మనం నోరు మెదపం. తెలిసినవాళ్ళే అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?

అందుకే, ఈసారి నెట్ పోతే ముందు లైటు చూడండి. ఎల్ఓఎస్ ఎర్రగా ఉంటే దేన్నీ ఆపి వేయొద్దు, లైన్ చూడమనండి. లైట్లన్నీ బాగుండి నెట్ రాకపోతే ల్యాన్ తీగ పెట్టి చూడండి. తీగ మీద వస్తే తేడా వైఫైది. తీగ మీదా రాకపోతే 8.8.8.8కి పింగ్ కొట్టండి; అది వెళ్ళి, సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్ మార్చండి. ఫోన్తో సరిపెట్టకుండా ఫిర్యాదు నంబరు తీసుకోండి. కొత్త కనెక్షన్ పెట్టిస్తుంటే ఆ రోజు రీడింగ్ రసీదు మీద రాసిమ్మనండి. రాయకపోతే రాసేదాకా డబ్బు చేతికివ్వకండి. మీ ఒక్కరింటికే కాదు, మీ వీధిలో అడగడం రానివాళ్ళందరి తరఫునా అడగండి.