ఏడాది నడుమ ఆఫీసు మారడం



నల్లపాడు నుండి ఒక తండ్రి వ్రాసిన ఉత్తరం ఈ నెల నా ముందున్నది. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. మిరప, కొద్దిగా పత్తి. వారి కుటుంబంలో నల్లకోటు తొడిగిన మొదటివాడు ఆయన పెద్ద కుమారుడు. గుంటూరులో ఒక సీనియరు లాయరు గారి వద్ద జూనియరుగా ఇది మూడవ సంవత్సరం. నెలకు 8,000 ఇస్తున్నారు. దసరా సెలవులలో హైదరాబాదులోని ఒక లా సంస్థవారు పిలిచి మాట్లాడి, నెలకు 45,000 ఇస్తాము, నవంబరు 1వ తేదీకి వచ్చి చేరమన్నారట. సీనియరు గారికి ఇంకా చెప్పలేదు. తల్లి మాత్రం పదవ తరగతి చదువుతున్న కూతురిని కూడా అన్నతో పంపి హైదరాబాదు బడిలో వేయాలంటున్నది. ఇంటి అడ్వాన్సుకు కమీషను వ్యాపారి వద్ద 60,000 తెద్దామనుకుంటున్నారు. "ఇప్పుడే పంపమంటారా, ఆగమంటారా?" అని అడిగారు.

నేను గుంటూరు కోర్టులలో నలభై ఏండ్లు లాయర్ల వద్ద గుమస్తాగా చేసినవాడిని. జూనియర్లు రావడం, పోవడం చాలా చూశాను. కనుక దీనికి జవాబు వ్రాయడానికి నాకు కొంత హక్కు ఉన్నదనుకుంటున్నాను.

ముందు ఒక మాట. ఏడాది నడుమ ఆఫీసు మార్చడం తప్పేమీ కాదు. మన లాయర్లకు అది చరిత్రలోనే తప్పలేదు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడినా హైకోర్టు మాత్రం 1954 జూలై 5న మన గుంటూరులో వెలిసింది. మద్రాసులో ప్రాక్టీసు ఉన్న తెలుగు లాయర్లు పెట్టె సర్దుకోవాలా, అక్కడే ఉండాలా అని తేల్చుకోవలసి వచ్చింది. ఆ కోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. ఆయన బాపట్లలో కొద్ది నెలలు మునసబుగా చేసి, మరల మద్రాసులో ప్రాక్టీసు చేసినవారు. మామగారు జడ్జి అయిన తరువాత బావమరిది రాజమన్నారు గారితో కలిసి ఒకే ఆఫీసు నడిపారు. ఒకే ఆఫీసువారైన ఆ ఇద్దరిలో రాజమన్నారు గారు మద్రాసు ప్రధాన న్యాయమూర్తిగా అక్కడే ఉండిపోయారు, సుబ్బారావు గారు గుంటూరు వచ్చారు. ఇక్కడ అద్దె ఇండ్లు కుదుర్చుకున్నవారు కాస్త కుదుటపడేలోగా 1956 నవంబరు 1 వచ్చింది, హైకోర్టు హైదరాబాదు పోయింది.

మూడవసారి మనమంతా చూశాము. 2018 డిసెంబరు 26న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరు. నడుమ ఆరు రోజులు. లాయర్లు గడువు కావాలని మొత్తుకున్నారు, దొరకలేదు. మొదట విజయవాడలో తాత్కాలికంగా కూర్చుని, తరువాత అమరావతిలోని నేలపాడుకు వచ్చారు (మీ నల్లపాడు కాదు, నేలపాడు). పిల్లల బడులు సగంలో ఉన్నవి. భర్త విజయవాడలో హాస్టలు గదిలో, భార్యాబిడ్డలు వేసవి దాకా హైదరాబాదులో, ఇట్లా గడిపినవారిని నేను ఎరుగుదును. వారికి తేదీ ఎంచుకునే వీలు లేకపోయింది. మీ అబ్బాయికి ఉన్నది.

ఇక నా సొంత అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. చెప్పడానికి సంతోషంగా లేదు. 1990ల చివర మా ఆఫీసులో ఒక జూనియరు ఉండేవాడు. మంచివాడు, చురుకైనవాడు. జూలై నెల నడుమ మరొక ఆఫీసువారు పిలిస్తే వారం రోజులలో వెళ్ళిపోయాడు. మేడికొండూరు వైపు రైతు ఒకాయన అరవై బస్తాల మిరపకాయల సొమ్ము రాక ఒక వ్యాపారి మీద వేసిన దావా అతను చూస్తుండేవాడు. ఆగస్టు వాయిదా అతని సొంత డైరీలో ఉన్నది, ఆఫీసు డైరీలో లేదు. అతను చెప్పలేదు, నేను అడగలేదు. సీనియరు గారు హైకోర్టు పని మీద హైదరాబాదులో ఉన్నారు. రైతు చేలో మొక్క నాటిస్తున్నాడు. కోర్టులో పిలిచినప్పుడు వాది తరఫున ఎవరూ లేరు. ప్రతివాది లాయరు ఉన్నాడు. దావా డిఫాల్టులో కొట్టివేశారు.

మార్చిలో కాయ అమ్ముకుని, ఫీజు డబ్బు కండువా కొంగున ముడివేసుకుని ఆ రైతు వచ్చాడు. అప్పుడు కట్ట విప్పితే నాకు సంగతి తెలిసింది. దావాను తిరిగి నిలబెట్టమని అడగడానికి చట్టం ఇచ్చే గడువు ముప్పది రోజులు. మాకు ఏడు నెలలు దాటినవి. ఆలస్యం మన్నించమని ఒక పిటిషను, దావా నిలబెట్టమని మరొకటి. అవతలివారు రెండింటికీ అడ్డుపడ్డారు. దావా మరల నంబరుకు వచ్చేసరికి రెండేండ్లు గడిచినవి. చివరకు డిక్రీ వచ్చింది గాని, ఆ వ్యాపారి అప్పటికే కొట్టు ఎత్తివేశాడు. ఆ డిక్రీ కాగితం ఆ రైతు ఇంటిలో ఇప్పటికీ ఉండవచ్చు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తప్పులో సగం నాది.

అందుకే నల్లపాడు సహోదరునికి నేను చెప్పేది ఏమంటే, జీతం సంగతి తరువాత, ముందు మీ అబ్బాయి చేతిలో ఎన్ని కేసులున్నవో వ్రాయించండి. కేసు నంబరు, ఏ కోర్టు, ఎవరి తరఫు, ఏ దశలో ఉన్నది, రాబోయే వాయిదా, ఆ రోజు చేయవలసిన పని. రెండు ప్రతులు తీసి ఒకటి సీనియరు గారికి, ఒకటి గుమస్తాకు ఇవ్వాలి. వకాల్తాలో తన పేరు ఉన్న కేసులు వేరుగా గుర్తించాలి. వకాల్తా అనేది ఆఫీసు వదలినంత మాత్రాన పోదు. కక్షిదారు గాని లాయరు గాని వ్రాతపూర్వకంగా, కోర్టు అనుమతితో రద్దు చేసుకునేదాకా అది నిలిచే ఉంటుంది. తగిన కారణం, తగిన నోటీసు లేకుండా ఒప్పుకున్న కేసు వదలకూడదని బార్ కౌన్సిలు నియమం కూడా ఉన్నది. కక్షిదారుల కాగితాలు ఒక్కటి కూడా వెంట తీసుకుపోకూడదు. ఫీజు బాకీ ఉన్నదని ఫైలు పట్టి ఉంచుకోవడానికి సీనియరుకే హక్కు లేదని 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక జూనియరు మాట చెప్పేదేమున్నది?

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం మరొకటి ఉన్నది. సీనియరు గారి వద్ద నాసి విత్తనాల కేసులు పాతిక దాకా ఉన్నవని, అవన్నీ మీ అబ్బాయే వ్రాశాడని గర్వంగా వ్రాశారు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చునని 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు స్థిరపరచింది. ఆ కేసు మన రాష్ట్రపు రైతులదే. సరే, ఇప్పుడు పిలుస్తున్న హైదరాబాదు సంస్థ ఎవరి తరఫున పని చేస్తుంది? విత్తన కంపెనీల తరఫున అయితే? ఒక పక్షానికి సలహా చెప్పినవాడు, దావా వ్రాసినవాడు అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి పని చేయరాదు. కక్షిదారు చెప్పిన రహస్యం పని మానేసిన తరువాత కూడా రహస్యమే. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న ఈ మాట 2024 జూలై 1 నుండి అమలైన కొత్త చట్టంలోను ఉన్నది. కాబట్టి చేరకముందే ఆ సంస్థను అడగాలి. కేసుల లోపలి సంగతులు చెప్పనక్కరలేదు, కోర్టులో అందరికీ కనిపించే పార్టీల పేర్లు ఇస్తే చాలు. వాటిలో ఏ పని తనకు ఇవ్వబోమని వారు కాగితం మీద ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే 45,000 అయినా వద్దు. ఆ పాతిక మంది రైతులలో మీ పొలం గట్టువారే ఉండవచ్చు.

తేదీ విషయం. అన్నింటికంటె మంచి సమయం ఏప్రిల్ ఆఖరు. మేలో సివిలు కోర్టులకు సెలవులు. మన మిరప యార్డుకూ వేసవి సెలవులు ఆ రోజులలోనే. వాయిదాలు లేని నెలలో ఫైళ్ళు అప్పగించి, జూన్ లో కొత్త చోట చేరితే ఎవరికీ నష్టం లేదు. అయితే ఆ సంస్థ ఏడు నెలలు ఆగదు. ఆగమని అడగడం కూడా న్యాయం కాదు. దాని తరువాతి మంచి సందు సంక్రాంతి సెలవులు. నవంబరు 1 కాదు, జనవరి మూడవ వారం అని అడగమనండి. సాక్ష్యం నడుస్తున్న కేసులు రెండున్నవని వ్రాశారు గదా, వాటి క్రాసు ఈలోగా పూర్తి కావచ్చు. క్రిస్మసు కూడా ఇంటి వద్దనే చేసుకుంటాడు. అడిగితే పని పోతుందేమోనని భయపడుతున్నారు. రెండు నెలల నోటీసు పెద్ద సంస్థలలో మామూలే. తమ వద్ద చేరినవారి నుండి వారు కోరేదీ అదే.

జనవరిలో చేరితే ఒక చిక్కు. పెద్ద సంస్థలలో చాలావాటి లెక్క ఏప్రిల్ నుండి మార్చి వరకు. ఏప్రిల్ లో సొమ్ము పెంచేటప్పుడు "నీవు వచ్చి మూడు నెలలేగా" అని పక్కన పెడతారు. దీనిని ముందే అడిగి ఉత్తరంలో వ్రాయించుకోవాలి. ఆ ఉత్తరం చేతికి వచ్చేదాకా ఇక్కడ మానేస్తున్నానని చెప్పవద్దు. వచ్చిన రోజునే సీనియరు గారికి తానే చెప్పాలి. కోర్టు ఆవరణలో టీ బంకు వద్దకు చేరిన కబురు మధ్యాహ్నానికి ఆయన చెవిన పడుతుంది. మీరు వెంట వెళ్ళవద్దు. చేర్పించేటప్పుడు పండ్లు పట్టుకుని వెళ్ళారు, సరే. ఇప్పుడు అతను లాయరు.

డబ్బు లెక్క ఒకసారి చూద్దాము. ఇట్టి సంస్థలలో యువ లాయర్లకు ఇచ్చేది చాలా చోట్ల జీతం కాదు, వృత్తి రుసుము. లాయరు పూర్తికాలపు జీతగాడుగా ఉండరాదని నియమం. కనుక ప్రావిడెంటు ఫండు ఉండకపోవచ్చు, పన్ను నూటికి పది ముందే పట్టుకుంటారు. 45,000లో చేతికి వచ్చేది 40,500. పట్టుకున్నదానిలో ఎక్కువైనది తిరిగి రావాలంటే రిటర్ను వేయాలి. జనవరి నడుమ చేరితే మొదటి సొమ్ము ఫిబ్రవరిలో గాని రాదు.

కాని 60,000 దేనికి? రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,200. పైగా కాయ ఆ వ్యాపారి కొట్టుకే వేయాలంటాడు. ఆ రోజు ధర ఆయన చెప్పినదే. మొదటి మూడు నెలలు హాస్టలులో ఉండమనండి. ఆరు వారాల తిండికి, ప్రయాణానికి 20,000 మించదు. జనవరిలో మొదటి కోత కాయ కొంత చేతికి వస్తుంది.

అమ్మాయి సంగతి తల్లిగారికి ఈ పేజీ చదివి వినిపించండి. పదవ తరగతి పరీక్షలు మార్చిలో. తెలంగాణ బోర్డు వేరు, పుస్తకాలు వేరు. నడి ఏడాదిలో పిల్లను మార్చవద్దు. ఏప్రిల్ లో పరీక్షలయ్యాక మాట్లాడుకోండి. అప్పటికి అన్నకు ఆ ఊరు తెలుస్తుంది, అద్దెలు తెలుస్తవి.

నల్లపాడు స్టేషనులో ఒక దారి నంద్యాలకు, ఒకటి నడికుడి మీదుగా సికింద్రాబాదుకు చీలుతుంది గదా. సంక్రాంతి తరువాత ఆ రెండవ దారి బండ్లలో సీట్లు దొరకవు. టికెట్టు ముందుగానే తీయించండి. కేసుల జాబితా పూర్తయిన తరువాత నాకు మరొక ఉత్తరం వ్రాయండి, సీనియరు గారు ఏమన్నారో తెలుసుకోవాలని ఉన్నది.