చేతులు కట్టుకుని ఆడే ఆట

"హీరో తనే నడుస్తాడు, తనే కొట్టుకుంటాడు. మరి నువ్వేం చేస్తావు, పక్కన కూర్చుని విసురుతావా?" లూప్ హీరో ఆడేవాళ్లకు ఈ ఎత్తిపొడుపు కొత్త కాదు. పోరాటం దానంతట అదే జరిగిపోయే ఆటో బ్యాటిలర్లంటే సోమరుల ఆటలని, స్క్రీన్ సేవర్లని, ఇంకాస్త కోపమొస్తే స్లాట్ మెషిన్లని తీర్పిచ్చేస్తారు. వేళ్లు పరుగెత్తకపోతే అది ఆటే కాదట. ఆ లెక్కన చదరంగాన్ని ఎప్పుడో అటకెక్కించాల్సింది.

నిజంగా తనంతట తాను ఆడుకునే గేమ్ ఒకటుంది. 2002లో వచ్చిన ప్రోగ్రెస్ క్వెస్ట్‌లో పాత్రను ఎంచుకుని వదిలేస్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. అది రోల్ ప్లేయింగ్ గేమ్‌ల మీద వేసిన జోకు, మంచి జోకే. కానీ ఆ జోకును చూపించి లూప్ హీరోను కొట్టిపారేసేవాళ్లు లూప్ హీరోలో మొదటి పది నిమిషాలు దాటి ఆడారా అని నా అనుమానం.

రష్యాకు చెందిన ఫోర్ క్వార్టర్స్ అనే చిన్న బృందం 2021లో తెచ్చిన లూప్ హీరోలో ప్రపంచమంతా చెరిగిపోయి ఉంటుంది. మిగిలింది చుట్టు తిరిగే ఒక దారి, దాని మీద ఒక మనిషి. వాడి కత్తి మీ చేతిలో లేదు. వాడి దారిలో ఏముండాలన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది. శ్మశానం కార్డు పెడితే అస్థిపంజరాలు లేస్తాయి. వాటిని చంపితేనే కొత్త కార్డులు, కవచాలు దొరుకుతాయి. కొండలు పేరిస్తే ప్రాణబలం పెరుగుతుంది. తొమ్మిదింటిని మూడు వరసల్లో చేరిస్తే శిఖరమవుతుంది, అక్కడి నుంచి హార్పీలు దిగుతాయి. పల్లె పక్కన రక్తపిశాచి భవనం కడితే ఆ పల్లె నాశనమవుతుంది. కానీ మూడు చుట్లు ఓర్చుకుంటే మునుపటికన్నా మేలైన ఊరవుతుంది. ఓర్చుకోవాల్సింది వాడు, పందెం కాసింది మీరు. శత్రువులు లేకపోతే వాడు ఎదగడు, ఎక్కువైతే బతకడు. మన హీరో నెత్తిన మనమే కష్టాలు పెడుతూ, ఎన్నింటిని మోయగలడో అంచనా కట్టడమే ఇక్కడ ఆట.

కోడిపందెం చూడండి. కోడిని బరిలో దింపాక యజమాని చేసేదేముంది? అతని పని అంతకుముందే అయిపోయింది: నెలల తరబడి మేత, ఈత, ఏ పూట డేగ కోడిని దింపాలి, ఏ పూట నెమలి కోడిని దింపాలి అన్న లెక్క. (ఆ కత్తులూ, ఆ డబ్బూ నాకు గిట్టవు. పోలిక వరకే.) బరి బయట నిలబడ్డవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో చూసినవాళ్లెవరూ అతన్ని ప్రేక్షకుడనరు.

యాక్షన్ గేమ్‌లో చస్తే "బటన్ నొక్కాను, పడలేదు" అని కంట్రోలర్‌ను తిట్టుకోవచ్చు. ఇక్కడ ఆ సాకు చెల్లదు. అరగంట క్రితం ఆశపడి పెట్టిన భవనమే ఇప్పుడు ప్రాణం తీస్తోందని కళ్లప్పగించి చూడాల్సిందే. పోరాటంలో వేలు పెట్టనివ్వకపోవడం లోపం కాదు, మన తప్పును మన ముందు పెట్టే పద్ధతి.

అదృష్టం ఉంది, కాదనను. ఏ కార్డు వస్తుందో తెలియదు, పేకాటలోనూ తెలియదు. డబ్బు గుంజడానికి ఆటో బటన్ పెట్టిన ఫోన్ గేములను తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను. లూప్ హీరోలోనూ హీరో స్థావరమైన శిబిరం కట్టడానికి అదే సరుకు మళ్లీ మళ్లీ ఏరుకోవడం విసుగే. కానీ ఆ విసుగుకూ ఆటో పోరాటానికీ సంబంధం లేదు.

నిన్న రాత్రి నా హీరోకు ప్రాణం పావు వంతు మిగిలింది. శిబిరం చేరి ఆపితే సరుకంతా నాది. దారిలోనే వెనక్కి తగ్గితే 60 శాతం, చస్తే 30. శిబిరం నాలుగు గళ్ల దూరంలో ఉంది. ఆటను పాజ్ చేసి, చేతులు కట్టుకుని, చాలాసేపు కూర్చున్నాను.