వైఫై ఒక్కటే.. కంప్యూటర్లే ఒకదానికొకటి కనపడవు!

కండ్లకోయ, గుండ్లపోచంపల్లి, మేడ్చల్.. ఈ దారిలో ఇంజినీరింగ్ విద్యార్థులు అద్దెకుండే గదుల్లో కనిపించే దృశ్యమే ఇది. ఒకరిది అన్నయ్య వాడి ఇచ్చిన విండోస్ 10 డెస్క్‌టాప్. ఇంకొకరిది కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్. మరొకరు ఉబుంటు వేసుకుంటారు. ఎవరో ఒకరి దగ్గర మ్యాక్‌బుక్. అందరికీ ఒకటే వైఫై. అయినా 3 జీబీ ప్రాజెక్టు ఫైలు పక్క మంచం మీదున్న ల్యాప్‌టాప్‌లోకి వెళ్లాలంటే పెన్‌డ్రైవ్ కోసం వెతుకులాట మొదలవుతుంది. లేదంటే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, మళ్లీ దింపుకోవడం. రెండడుగుల దూరానికి ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి రావాలన్నమాట!

ఈ కలగాపులగం ఇప్పట్లో తగ్గేది కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. అవి లేని పాత సిస్టమ్‌కి మిగిలినవి రెండే దార్లు. 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామన్న అదనపు భద్రతా అప్‌డేట్లతో నెట్టుకురావడం, లేదా లినక్స్‌కి మారడం. తూకానికి అమ్మేయడం మూడోది అనుకోండి. ఇంట్లోనే కాదు, చిన్న ఆఫీసుల్లోనూ ఇదే పరిస్థితి. ఈ రకరకాల యంత్రాలను కలిపి నడిపించగల ఫ్రెషర్‌కి డెస్క్‌టాప్ సపోర్ట్, నెట్‌వర్క్ సపోర్ట్ ఇంటర్వ్యూల్లో చెప్పుకోడానికి సరుకు ఉంటుంది.

ఇంతకీ అవి ఎందుకు కనపడవు? చాలాసార్లు అది లోపం కాదు, కావాలని పెట్టిన అడ్డు. విండోస్‌లో ఫోల్డర్ షేర్ చేసినప్పుడు వెనక పనిచేసే ప్రోటోకాల్ పేరు ఎస్ఎంబీ. దాని మొదటి వెర్షన్‌లోని లొసుగును పట్టుకునే 2017 మేలో వానక్రై ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. విచిత్రం ఏంటంటే, ఆ లొసుగుకి ప్యాచ్ అదే ఏడాది మార్చిలోనే వచ్చేసింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఆ తర్వాత విండోస్ ఆ పాత వెర్షన్‌ని పక్కన పెట్టేసింది. విండోస్ 11 24హెచ్2 ప్రో ఎడిషన్‌లో ఇంకో అడుగు ముందుకేసి, పాస్‌వర్డ్ లేకుండా ‘గెస్ట్’గా షేర్‌లోకి వెళ్లడాన్నీ డిఫాల్ట్‌గా ఆపేసింది. పాత డెస్క్‌టాప్‌లో అందరికీ బార్లా తెరిచిపెట్టిన ఫోల్డర్ కొత్త ల్యాప్‌టాప్‌కి అందకపోవడానికి ఇదో కారణం.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని ఎస్ఎంబీ పాత వెర్షన్ ఆన్ చేస్తారు, ఫైర్‌వాల్ మొత్తం ఆపేస్తారు. ఫైలు వెళ్తుంది, నిజమే. ఇదే అలవాటు ఉద్యోగంలోకి తీసుకెళ్తే మాత్రం ఆఫీసు నెట్‌వర్క్ మొత్తానికి తలుపు తీసినట్టే. ‘ఫైర్‌వాల్ ఆపేస్తాను సార్’ అనే జవాబుతో ఇంటర్వ్యూ అక్కడితోనే ముగిసిపోవచ్చు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఐపీ అడ్రస్ చూడండి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ కమాండ్ ఉంది, మిగతావాటిలో నెట్‌వర్క్ సెట్టింగుల్లోనే కనిపిస్తుంది. ఒకదానిది 192.168.1తో, ఇంకోదానిది 192.168.0తో మొదలైతే ఇంట్లో రెండు రౌటర్లు ఉన్నాయేమో చూసుకోవాలి. అద్దె ఇళ్లలో ఇది మామూలే. కింద ఓనర్‌ది ఒకటి, దాని వెనక మీది ఇంకొకటి. అప్పుడు ఇటు నుంచి అటు పలికినా అటు నుంచి ఇటు పలకకపోవచ్చు. అడ్రస్ 169.254తో మొదలైతే అసలు రౌటర్ నుంచి అడ్రస్సే అందలేదని అర్థం. గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయ్యారేమో కూడా చూడండి. చాలా రౌటర్లు గెస్ట్ వైఫైలో ఉన్న పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడుకోనివ్వవు.

అడ్రస్‌లు సరిపోయాక విండోస్‌లో ఆ వైఫై ‘పబ్లిక్’గా ఉందా, ‘ప్రైవేట్’గా ఉందా చూడాలి. పబ్లిక్‌లో ఉంటే పింగ్‌కి కూడా జవాబు రాకపోవచ్చు. అంతమాత్రాన లైన్ తెగిందనుకోకూడదు. ఇక గంటల తరబడి బుర్ర తినేది పిన్. రోజూ నాలుగంకెల పిన్‌తో లాగిన్ అయ్యేవాళ్లు షేర్ అడిగిన చోటా అదే కొడతారు. అది పనిచేయదు, అక్కడ అకౌంట్ పాస్‌వర్డే కావాలి. షేరింగ్ కోసమే పాస్‌వర్డ్‌తో వేరే లోకల్ యూజర్‌ని పెట్టుకోవడం నయం.

లినక్స్ సిస్టమ్‌లో సాంబా ఇన్‌స్టాల్ చేస్తే అది విండోస్‌కీ, మ్యాక్‌కీ ఫైల్ సర్వర్‌లా కనిపిస్తుంది. ఈ సాంబాని 1991-92లో మొదలుపెట్టింది ఆండ్రూ ట్రిడ్జెల్. అప్పుడాయన ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి. తన డాస్ పీసీని యూనిక్స్ యంత్రంతో కలపడానికి, వైరు మీద వెళ్లే ప్యాకెట్లను గమనించి ప్రోటోకాల్‌ని అర్థం చేసుకున్నారు. అదే పని మీరు వైర్‌షార్క్‌తో, మీ గదిలో, మీ సొంత ట్రాఫిక్ మీద చేసి చూడొచ్చు. పైసా ఖర్చు లేదు. సీసీఎన్ఏ పరీక్షకు 300 డాలర్లు కట్టే ముందు చేయాల్సిన సాధన ఇదేనని నా అభిప్రాయం. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగానే దొరుకుతుంది కానీ, అందులో పిన్ గొడవ రాదు, ఓనర్ రౌటర్ ఉండదు!

ఇప్పుడు శామీర్‌పేట వైపు చూడండి. తుర్కపల్లి దాకా పరుచుకున్న జీనోమ్ వ్యాలీ అక్కడే ఉంది. ఫార్మా, బయోటెక్ ల్యాబ్‌లలో పరికరానికి తగిలించిన కంప్యూటర్ పాత విండోస్ మీదే నడవడం కొత్తేం కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చితే పరికరం సాఫ్ట్‌వేర్ పనిచేయకపోవచ్చు, పనిచేసినా వాలిడేషన్ మళ్లీ చేయాలి. దాన్ని తీసేయలేరు, అందరితో కలపనూలేరు. అందుకే వేరే వీల్యాన్‌లో పెట్టి, ఫలితాలు సర్వర్‌కి చేరే ఒక్క దారినే తెరిచి ఉంచుతారు. గెస్ట్ వైఫై ఎందుకు అడ్డుకుంటుందో ఇంట్లో చూసినవాళ్లకి ఈ ఏర్పాటు వివరించడం కష్టమేమీ కాదు.

‘పింగ్ వెళ్తోంది, షేర్ తెరుచుకోవట్లేదు. ఏం చూస్తారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే కేబుల్ గురించి మొదలుపెట్టకండి. పింగ్ వెళ్తోందంటే దారి బాగానే ఉన్నట్టు. 445 పోర్టు తెరిచి ఉందా, ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్‌కి అనుమతి ఉందా, ఏ యూజర్‌తో లాగిన్ అవుతున్నారు, ఆ యూజర్‌కి ఫోల్డర్ మీద హక్కు ఉందా.. ఈ వరుసలో చెప్పండి. మీ గదిలో ఏది ఎలా తేలిందో ఒక పేజీలో రాసి పెట్టుకుంటే, రెజ్యూమెలో ‘ప్రాజెక్టులు’ కింద రాయడానికి అదే పనికొస్తుంది.